శివారుకు రైలు వస్తే ఏం మారుతుంది?

పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి, రెండు బస్సులు మారి, తొమ్మిదింటికి పనిలో చేరి, సాయంత్రం ఆరింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషి మన పెద్ద నగరాలన్నిటిలోనూ కనిపిస్తాడు. అతను రోజుకు నాలుగు గంటలు దారిలోనే గడుపుతున్నాడు. నెలకు 25 పనిదినాలు అనుకుంటే ఇది వంద గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో లెక్కిస్తే పన్నెండు రోజులకు పైమాటే. అంటే అతను నెలకు పన్నెండు రోజులు జీతం లేకుండా పనిచేస్తున్నట్టే.

అతను శివారుకు ఎందుకు వెళ్ళాడు? ఊరి నడుమ అద్దె భరించలేక. అద్దెలో మిగిలింది ప్రయాణంలో పోయింది. పిల్లల చదువు చూడడానికి, జబ్బుపడిన తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి అతనికి తీరిక లేదు. అటువంటి శివారుకు లోకల్ రైలు వస్తే బాగుంటుందని అందరూ అంటారు. అయితే ఎంత బాగుంటుంది? ఎందువల్ల? ఏ షరతుల మీద? ఈ ప్రశ్నలకు జవాబులు కొంత భౌతికశాస్త్రంలోనూ, కొంత మామూలు అంకగణితంలోనూ దొరుకుతాయి. ముందుగా, మన దేశంలోనే ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరిగిన ఒక చోటు చూద్దాం.

సముద్రపాయకు అవతలి ఒడ్డున

ముంబయి నగరం ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని భూభాగం. ఉద్యోగాలన్నీ దక్షిణపు కొసన, ఇళ్ళన్నీ ఉత్తరాన. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచింది. తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచింది. ఆ పట్టాల వెంటే నగరం ఉత్తరానికి పాకుతూ పోయింది. ఆ పాకుడుకు ఒక హద్దు వస్తుందని 1965లో ముగ్గురు నిపుణులు గుర్తించారు. వారు చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్. నగరాన్ని ఇంకా ఉత్తరానికి సాగదీసేకన్నా తూర్పున సముద్రపాయ దాటి అవతలి ఒడ్డున కొత్త నగరం కట్టాలని వారు ప్రతిపాదించారు. ఆ పని కోసం మహారాష్ట్ర ప్రభుత్వం 1970లో సిడ్కో అనే సంస్థను ఏర్పాటు చేసింది. న్యూ బాంబే అని మొదట పిలిచినదే నేటి నవీ ముంబయి.

పాయ మీద రోడ్డు వంతెన 1970వ దశకంలోనే వచ్చింది. కాని రైలు రావడానికి 1992 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది మే నెలలో మాన్‌ఖుర్ద్ నుంచి పాయ దాటి వాశి దాకా లోకల్ రైళ్ళు మొదలయ్యాయి. 1993లో ఆ లైను బేలాపూర్‌కు, 1998లో పన్వేల్‌కు చేరింది. 2004లో ఠాణే నుంచి తుర్భే మీదుగా వాశికి మరో లైను తెరిచారు. సంస్థ పుట్టిన 22 ఏళ్ళకు గాని తొలి రైలు రాలేదు. అంతవరకు కొత్త నగరంలో ఇల్లు కొన్నవారికి బస్సులే దిక్కు. రైలు వచ్చాక కథ మారింది. నవీ ముంబయి నగరపాలక సంస్థ పరిధిలో జనాభా 2001లో సుమారు 7 లక్షలు; 2011 నాటికి 11 లక్షలు దాటింది. ఇదంతా రైలు ఒక్కదాని వల్లే జరిగిందని చెప్పడం శాస్త్రీయం కాదు. టోకు మార్కెట్లు అక్కడికి తరలడం, పారిశ్రామికవాడ, ఆపైన కంప్యూటర్ కంపెనీలు, ఇవన్నీ కలిశాయి. కాని ఆ మార్కెట్లలో, ఆ కంపెనీల్లో పనిచేసేవారు రోజూ వచ్చిపోవడానికి దారి చూపింది మాత్రం రైలే.

ఇందులో గమనించవలసిన ఇంకో సంగతి ఖర్చు పంచుకున్న తీరు. ఈ లైన్ల నిర్మాణంలో మూడింట రెండు వంతులు సిడ్కో భరించింది, ఒక వంతు రైల్వే శాఖ భరించింది. సిడ్కోకు అంత డబ్బు ఎక్కడిది? చుట్టూ ఉన్న భూమి ఆ సంస్థదే. స్టేషన్ వస్తుందంటే చుట్టుపక్కల నేల విలువ పెరుగుతుంది. పెరిగిన విలువకు ఆ నేలను అమ్మి, ఆ డబ్బుతోనే రైలు తెచ్చారు. వాశి, బేలాపూర్ స్టేషన్ల మీదనే కార్యాలయాల భవనాలు కట్టారు. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఒక పట్టా ఎంత రోడ్డుకు సమానం?

రైలు వల్ల కలిగే మొదటి లాభం చోటు కలిసిరావడం. చిన్న లెక్క వేద్దాం.

ఒక వరస రోడ్డు మీద ఆటంకం లేకుండా సాగితే గంటకు సుమారు 2,000 కార్లు పోగలవు. కారుకు సగటున ఒకటిన్నర మంది అనుకుంటే అది 3,000 మంది. ఇప్పుడు ఒక రైలుపట్టా తీసుకుందాం. నాలుగు నిమిషాలకొక రైలు చొప్పున గంటకు 15 రైళ్ళు. పన్నెండు పెట్టెల లోకల్‌లో కూర్చున్నవారు, నిలబడ్డవారు కలిసి 3,000 మంది అనుకుంటే గంటకు 45,000 మంది. అంటే ఒక్క పట్టా పదిహేను వరసల రోడ్డు చేసే పని చేస్తోంది. ఒక్కో వరస మూడున్నర మీటర్ల వెడల్పనుకుంటే పదిహేను వరసలకు 52 మీటర్లు కావాలి, అదీ ఒక వైపు పోవడానికే. రానూపోనూ రెండు పట్టాలకు పది పన్నెండు మీటర్ల స్థలం చాలు.

నిండిన బస్సులు నడిపితే రోడ్డు కూడా ఇంతకన్నా చాలా ఎక్కువ మందిని మోయగలదు. కనుక రైలుకు బస్సు పోటీ కాదు, తోడు. స్టేషన్ నుంచి కాలనీలకు జనాన్ని చేర్చే బస్సు లేకపోతే రైలుకే ప్రయాణికులు దొరకరు.

ఇనుప చక్రం చేసే ఆదా

రెండో లాభం శక్తిలో. రబ్బరు టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు బరువుకు నొక్కుకుని, మళ్ళీ ఉబ్బుతూ ఉంటుంది. ఈ క్రమంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రెండూ దాదాపు నొక్కుకోవు. అందుకని ఒకే బరువుకు కారు టైరు ఎదుర్కొనే దొర్లుడు నిరోధంలో సుమారు అయిదో వంతు నుంచి పదో వంతు మాత్రమే రైలు చక్రం ఎదుర్కొంటుంది.

అయితే లోకల్ రైలుకు ఒక చిక్కు ఉంది. అది రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆగాలి. 600 టన్నుల బరువున్న నిండు రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకుంటే దాని గతిశక్తి సుమారు 41 యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఒక చిన్న కుటుంబం పది రోజుల పాటు వాడుకునే కరెంటంత అన్నమాట. బ్రేకు వేసిన ప్రతిసారీ పాత రైళ్ళలో ఇదంతా వేడిగా గాలిలో కలిసిపోయేది.

నేటి రైళ్ళలో ఉన్న మోటార్లకు ఒక సుగుణం ఉంది. బ్రేకు వేసేటప్పుడు అవే జనరేటర్లుగా మారి, చక్రాల గతిశక్తిని విద్యుత్తుగా మార్చి తిరిగి పై తీగకు పంపుతాయి. అదే సమయంలో దగ్గర్లో మరో రైలు స్టేషన్ నుంచి బయలుదేరుతూ ఉంటే ఆ విద్యుత్తు దానికి పనికి వస్తుంది. ముంబయిలో 2007 నుంచి ప్రవేశపెట్టిన కొత్త రైళ్ళు ఈ విధంగా వాడుకున్న విద్యుత్తులో సుమారు 30 శాతం దాకా తిరిగి ఇస్తాయని అంచనా. పైన చెప్పిన 41 యూనిట్లను 3,000 మందికి పంచితే తలకు యూనిట్‌లో డెబ్బయ్యో వంతు కన్నా ఎక్కువ పడదు. కాని రైలు ఖాళీగా పోతే ఈ లెక్క తిరగబడుతుంది. ముప్పయి మందితో పోయే రైలు కారుకన్నా పొదుపరి ఏమీ కాదు. కాబట్టి రైలు నిండాలి. ఎప్పుడు నిండుతుంది? ఇక్కడే అసలు విషయం ఉంది.

ఎదురుచూపు లెక్క

మన ప్రయాణికుడు ఇంటి నుంచి పనికి వెళ్ళడానికి ముప్పావు గంట వెచ్చించగలడనుకుందాం. ఇంటి నుంచి స్టేషన్‌కు నడక 10 నిమిషాలు, దిగాక పనిచోటుకు నడక 10 నిమిషాలు. మిగిలింది 25 నిమిషాలు. లోకల్ రైలు స్టేషన్లలో ఆగుతూ సగటున నిమిషానికి 600 మీటర్లు పోతుందనుకుందాం.

రైలు పది నిమిషాలకొకటి ఉంటే, వేళ చూసుకోకుండా వచ్చిన మనిషి సగటున అయిదు నిమిషాలు ఎదురుచూస్తాడు. మిగిలిన 20 నిమిషాల్లో 12 కిలోమీటర్లు పోగలడు. రైలు అరగంటకొకటి అయితే ఎదురుచూపు 15 నిమిషాలు. 10 నిమిషాల్లో 6 కిలోమీటర్లే పోగలడు. గంటకొకటి అయితే ఎదురుచూపే 30 నిమిషాలు. అతని దగ్గరున్న సమయం స్టేషన్‌లోనే అయిపోతుంది. పట్టాలు అవే, రైలు వేగం అదే. మారింది టైంటేబుల్ ఒక్కటే. ఆ ఒక్క మార్పుతో ఆ శివారు నగరానికి దగ్గరైంది, లేదా దూరమైంది.

"వేళ తెలిస్తే సరిగ్గా ఆ సమయానికే వస్తాం కదా" అని పాఠకులు అడగవచ్చు. నిజమే. కాని అప్పుడు ఎదురుచూపు స్టేషన్ నుంచి మరో చోటుకు మారుతుంది. తొమ్మిదింటి డ్యూటీకి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకే చేరి గేటు దగ్గర కూర్చోవాలి. సాయంత్రం పని అయిదు నిమిషాలు ఆలస్యమైతే గంట పోతుంది. ఫ్యాక్టరీ కార్మికుడు, ఆసుపత్రి నర్సు, ఇళ్ళల్లో పనిచేసే మహిళ, వీరెవరూ తమ పని ఎప్పుడు ముగుస్తుందో తాము నిర్ణయించుకోలేరు.

ఇంకో మెలిక కూడా ఉంది. గంటకు రెండు రైళ్ళు సమాన వ్యవధిలో నడిస్తే సగటు ఎదురుచూపు 15 నిమిషాలు. అవే రెండు రైళ్ళు పది నిమిషాల తేడాతో వరసగా వచ్చి, తరువాత యాభై నిమిషాలు ఏమీ లేకపోతే? నిమిషానికొకరు చొప్పున గంటలో 60 మంది స్టేషన్‌కు వచ్చారనుకుందాం. పది మంది చిన్న వ్యవధిలో వచ్చి సగటున 5 నిమిషాలు ఆగుతారు. యాభై మంది పెద్ద వ్యవధిలో వచ్చి సగటున 25 నిమిషాలు ఆగుతారు. మొత్తం 1,300 నిమిషాలను 60 మందికి పంచితే తలకు 21 నిమిషాలకు పైగా వస్తుంది. కాగితం మీద "గంటకు రెండు రైళ్ళు" అనే మాట మారలేదు, కాని ప్రయాణికుడి ఎదురుచూపు ఆరేడు నిమిషాలు పెరిగింది. రైళ్ళ సంఖ్యతో పాటు క్రమం కూడా ముఖ్యమని ఈ లెక్క చెబుతోంది.

క్రమం ఎందుకు తప్పుతుంది?

మన నగరాల్లో చాలాచోట్ల లోకల్ రైళ్ళు, ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు రైళ్ళు ఒకే పట్టా మీద నడుస్తాయి. ఒక 25 కిలోమీటర్ల మార్గంలో లోకల్‌కు 40 నిమిషాలు, ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌కు 25 నిమిషాలు పడుతుందనుకుందాం. లోకల్ వెనుక ఎక్స్‌ప్రెస్ బయలుదేరాలంటే కనీసం పావుగంట ఆగాలి, లేకుంటే దారిలో లోకల్‌ను అందుకుంటుంది. అలా ఆగకూడదంటే లోకల్‌ను నడిమి స్టేషన్‌లో పక్క లైను మీద నిలబెట్టాలి. రెండింటిలో ఏది చేసినా నాలుగైదు లోకళ్ళు నడవగల సమయం ఒక్క ఎక్స్‌ప్రెస్‌కు పోతుంది. అన్ని రైళ్ళూ ఒకే వేగంతో నడిచే పట్టా మీదనే ఎక్కువ రైళ్ళు పడతాయి. ముంబయిలో నెమ్మది లోకళ్ళకు, వేగపు లోకళ్ళకు వేర్వేరు పట్టాలు ఉన్నది ఇందుకే. దూరప్రాంతపు రైళ్ళను కూడా విడదీయడానికే ఠాణే, దివా స్టేషన్ల మధ్య అయిదో, ఆరో లైన్లు వేసి 2022లో ప్రారంభించారు.

రైళ్ళు తగ్గితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన పొరుగుదేశంలోనే ఉంది. పాకిస్తాన్‌లోని కరాచీలో 1964లో వలయాకారపు లోకల్ లైను మొదలైంది. తొలి ఏళ్ళలో బాగా ఆదరణ పొందింది. తరువాత రైళ్ళు తగ్గాయి, ఆలస్యాలు పెరిగాయి. ప్రయాణికులు మినీబస్సులకు మళ్ళారు. ప్రయాణికులు లేరని రైళ్ళు ఇంకా తగ్గించారు. చివరికి 1999లో ఆ సర్వీసు ఆగిపోయింది. పట్టాల మీద గుడిసెలు, దుకాణాలు వెలిశాయి. 2020లో కొంత భాగాన్ని తిరిగి నడిపించడానికి న్యాయస్థానం ఆదేశాలు అవసరమయ్యాయి. పోయిన రైలును తిరిగి తేవడం కొత్త రైలు వేయడం కన్నా కష్టమని కరాచీ అనుభవం.

హైదరాబాద్ మాటేమిటి?

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. కొత్త లైను వేయకుండా, ఉన్న పట్టాలను బాగుచేసి, రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే శాఖ ఖర్చు సగం సగం పంచుకుని నడిపిన చవక పథకం ఇది. లింగంపల్లి, హైటెక్ సిటీ వైపు ఊరు పెరుగుతున్న రోజుల్లోనే అటు రైలు వెళ్ళడం వల్ల ఎంతోమంది చిరుద్యోగులకు, విద్యార్థులకు మేలు జరిగింది.

రెండో దశకు 2012-13లో ఆమోదం లభించింది. ఇందులో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు. మేడ్చల్ దాకా విద్యుత్ తీగలు వేశారు, సనత్‌నగర్ నుంచి మౌలాలికి ఊరి నడుమకు రాకుండా పోయే లైను సిద్ధం చేశారు. ఉత్తరాన మేడ్చల్, దక్షిణాన ఉందానగర్, పడమట రామచంద్రాపురం, తూర్పున ఘట్‌కేసర్. నగరం పెరుగుతున్న నాలుగు దిక్కులకూ పట్టాలు చేరాయి. 2023 ఏప్రిల్ 8న కొత్తగా 13 సర్వీసులు, 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు ప్రారంభమయ్యాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక దూరప్రాంతపు రైళ్ళు కొన్ని అక్కడి నుంచే నడుస్తున్నాయి. పెట్టెలు, పిల్లలతో అక్కడికి చేరవలసినవారికి లోకల్ రైలు అవసరం ఇంకా పెరిగింది.

ఇక పైన వేసిన లెక్కను ఇక్కడ వేసి చూడండి. రోజుకు పదమూడు సర్వీసులను రెండు మూడు దిక్కులకు పంచితే, రైలుకూ రైలుకూ మధ్య ఎంత వ్యవధి వస్తుంది? గంటకు తక్కువ రాదు. ముప్పావు గంట మాత్రమే వెచ్చించగల మనిషికి ఆ రైలు ఉన్నా లేనట్టే. అతను ఆటో ఎక్కుతాడు, లేదా అప్పుచేసి మోటారుసైకిల్ కొంటాడు. రైలు ఖాళీగా పోతుంది. ఖాళీగా పోతోంది కాబట్టి రైళ్ళు పెంచనవసరం లేదని ఎవరైనా వాదించవచ్చు. కరాచీలో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే.

పట్టాలకు, తీగలకు, స్టేషన్లకు ఖర్చు ఇప్పటికే అయిపోయింది. శివారు రైలుకు అసలు ఖర్చు అదే. మిగిలినవి కొన్ని అదనపు రైలు బండ్లు, వాటిని నడిపే సిబ్బంది, సిగ్నళ్ళ మెరుగుదల, గూడ్సును, ఎక్స్‌ప్రెస్‌లను పక్కదారి పట్టించే ఏర్పాటు. వందలో తొంభై రూపాయలు పెట్టి, చివరి పది రూపాయల దగ్గర ఆగిపోతే ముందు పెట్టిన తొంభై కూడా ఫలితం ఇవ్వదు.

లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి?

లోకల్ రైళ్ళ టికెట్ల మీద వచ్చే ఆదాయం నడిపే ఖర్చుకు చాలదు. కనీస టికెట్ అయిదు రూపాయలు ఉంటే చాలకపోవడం సహజమే. రైల్వే శాఖ వెనకాడడానికి ఇదొక కారణం. కాని రైలు వల్ల కలిగే లాభమంతా టికెట్ కౌంటర్‌లోకి రాదు. రోడ్డు మీద రద్దీ తగ్గితే కారులో పోయేవాడు లాభపడతాడు. పొగ తగ్గితే దారిపక్క బడిలో పిల్లవాడు లాభపడతాడు. దూరం నుంచి పనివారు రాగలిగితే ఫ్యాక్టరీ యజమాని లాభపడతాడు. అన్నిటికన్నా ఎక్కువగా, స్టేషన్ పక్కన నేల ఉన్నవాడు లాభపడతాడు. వీరెవరూ ఆ లాభానికి టికెట్ కొనరు. నవీ ముంబయిలో నేల ప్రభుత్వ సంస్థది కనుక ఆ లాభం తిరిగి రైలుకే చేరింది. నేల ప్రైవేటు చేతుల్లో ఉన్న హైదరాబాద్ వంటి చోట అందులో కొంత భాగాన్ని పన్ను రూపంలోనో, అభివృద్ధి రుసుముల రూపంలోనో రైళ్ళు నడపడానికి మళ్ళించాలి. లేకపోతే నష్టం రైల్వేకు, లాభం భూయజమానికి మిగులుతుంది. పెరిగిన అద్దె కట్టలేక మన ప్రయాణికుడు ఇంకో పది కిలోమీటర్లు అవతలికి పోతాడు.

ఎక్కువ మంది ఎక్కితే చాలు, అంతా బాగున్నట్టేనా? అదీ కాదు. ముంబయి లోకల్ మార్గాల్లో 2023లో రెండున్నర వేల మందికి పైగా చనిపోయారు. పట్టాలు దాటుతూ పోయినవారు, కిక్కిరిసిన పెట్టెల తలుపుల దగ్గర నుంచి జారిపడినవారు ఇందులో ఉన్నారు. అవసరానికి తగినన్ని రైళ్ళు, తగినన్ని పాదచారుల వంతెనలు లేకుండా జనం మాత్రం పెరిగితే జరిగేది ఇది. హైదరాబాద్ వంటి నగరాలకు ఆ స్థితి ఇంకా రాలేదు. రాకముందే సిద్ధం కాగల అవకాశం వాటికి ఉంది.

శివారుకు రైలు వస్తే మారేది మనిషి రోజు. నాలుగు గంటల ప్రయాణం రెండు గంటలైతే అతనికి నెలకు యాభై గంటలు తిరిగి వస్తాయి. ఆ యాభై గంటలు ఇవ్వగలిగేది కొత్తగా తెరిచిన స్టేషన్ ఒక్కటే కాదు. ఆ స్టేషన్‌కు పది పదిహేను నిమిషాలకొకసారి, చెప్పిన వేళకు వచ్చే రైలు. ఇకముందు మీ ఊరికి రైలు పొడిగించామని ఎవరైనా చెబితే ఎన్ని కిలోమీటర్లు అని అడగండి. ఆ వెంటనే, ఎన్ని నిమిషాలకొకటి అని కూడా అడగండి.